పన్నెండు పణాల మాట

చెయ్యి ఎత్తకుండా మనిషిని కొట్టే విద్యకు ఈ దేశంలో రేటు కట్టినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రం అనగానే అందరికీ గూఢచారులు, కోటలు, పన్నులు గుర్తొస్తాయి. మైసూరులో శ్యామశాస్త్రిగారు ఆ తాటాకుల గ్రంథాన్ని 1909లో అచ్చు వేసిన దగ్గర్నుంచీ మన పెద్దలు కూడా అంతవరకే చదివి పుస్తకం మూసేస్తున్నారు. ఓపిక పట్టి మూడో అధికరణం పద్దెనిమిదో అధ్యాయం దాకా వెళితే వాక్పారుష్యం అనే నేరం కనిపిస్తుంది. మాటతో గాయం చెయ్యడమన్నమాట. దాని కిందే ధరల పట్టిక.

పణం అంటే ఆ కాలపు నాణెం. ఒంటికన్ను మనిషిని ఒంటికన్నువాడా అని పిలిస్తే 3 పణాల జరిమానా. ఉన్న మాటే కదా అన్నాను అంటే కుదరదు, ఉన్న మాటకే ఆ మూడు. లేని లోపం అంటగడితే 6 పణాలు. ఇక మూడో మెట్టు చూడండి, అక్కడే ఆయన మన చుట్టాలను బాగా ఎరిగిన మనిషని తెలిసిపోతుంది. కన్ను లేనివాణ్ణి పట్టుకుని “ఆహా, ఏం కళ్ళండీ తమవి!” అని మెచ్చుకుంటే 12 పణాలు.

నిజానికి మూడు, అబద్ధానికి ఆరు, పొగడ్తకు పన్నెండు. ఆ పన్నెండు పణాల సరుకునే మనం ఇంట్లో ఎత్తిపొడుపు అంటాం.

ఏయే విషయాల మీద అంటే నేరమో కూడా ఆయన జాబితా ఇచ్చాడు: శరీరం, స్వభావం, చదువు, వృత్తి, పుట్టిన దేశం. సంక్రాంతికి ఇంటికొచ్చే బంధువులెవరూ అర్థశాస్త్రం చదివి ఉండరు. అయినా గుమ్మంలో చెప్పులు విడిచిన పది నిమిషాల్లో ఈ అయిదూ వరస తప్పకుండా పూర్తిచేస్తారు. “కాస్త ఒళ్ళు చేశావే!” “ఇంకా ఆ మొహమాటం పోలేదన్నమాట.” “ఈ చదువుకు ఉద్యోగాలు ఇస్తున్నారట కదా ఈమధ్య.” “ఇంకా అదే కంపెనీనా, పాపం మంచివాళ్ళు.” “మీ ఊళ్ళో ఇప్పటికీ ట్యాంకరు నీళ్ళేనా?” తర్వాత అరిసెలు తింటారు.

తిట్టుతో దీన్ని కలిపి చూడటం శాస్త్రజ్ఞానం లేనివాళ్ళు చేసే పని. తిట్టినవాడు అలిసిపోతాడు, బీపీ పెంచుకుంటాడు. ఎత్తిపొడిచినవాడు కాఫీ తాగుతాడు. చీవాట్లు పెట్టేవాడికి మనం బాగుపడాలని ఎంతో కొంత ఉంటుంది. నిష్ఠూరమాడేవాడికి తన బాధేదో తనకుంటుంది. సాధింపు అనేది దీర్ఘకాలిక ప్రాజెక్టు, కాపురాలకు తప్ప పనికిరాదు. దెప్పాలంటే ఎప్పుడో చేసిన సాయం ఒకటి పెట్టుబడిగా ఉండాలి. ఇంజినీరింగు మూడో ఏడు ఫీజు కట్టిన బాబాయికే ఆ హక్కు. ఎత్తిపొడుపుకు ఇవేవీ అక్కర్లేదు. ఎదురుగా ఒక మనిషి, ఆ మనిషి దగ్గర కొత్తగా వచ్చిన ఒక సంతోషం ఉంటే చాలు.

ఈమధ్య ఒక గృహప్రవేశంలో ఈ విద్యను పక్కనే నిలబడి చూసే భాగ్యం కలిగింది. కొత్తగా కొనుక్కున్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. పాలు పొంగిన గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. వరసకు పెద్దత్తయ్య అయ్యే ఒకావిడ, నడుముకు కొంగు బిగించి, ఇల్లు చూడటానికి బయల్దేరింది. వెనకాల ఆ ఇంటి ఇల్లాలు, ఆ వెనకాల నేను.

వంటింటి గుమ్మంలో ఆగి, “ముద్దుగా ఉందమ్మాయ్. ఒక్కరు నిలబడి వండుకోవడానికి ఎంత హాయో” అంది. కప్‌బోర్డు తలుపు మీద మధ్యవేలి కణుపుతో టకటకా రెండు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి విని, “టేకేమో అనుకున్నాను” అంది. అంతే, ఇంకో మాట లేదు. బాల్కనీలోకి వెళ్ళి రెండు చేతులూ చాచి, “గాలి బ్రహ్మాండం. ఎదురుగా ఆ స్థలంలో అపార్టుమెంటు లేపేదాకా మీకు ఢోకా లేదు.” హాల్లో గోడకు బిగించిన పూజా మందిరం చూసి చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, తెరిచి, “ఇదే నయం. మావాడు అమెరికాలో దేవుడికి విడిగా గది కట్టించి డబ్బు తగలేశాడు.” భోంచేసి వెళ్ళండి అత్తయ్యా అని ఇల్లాలు బతిమాలితే, “ఎందుకమ్మాయ్, క్యాటరింగువాళ్ళు పాపం లెక్కపెట్టి తెచ్చి ఉంటారు.”

అయిదు పోట్లు. పోటుకు పన్నెండు చొప్పున 60 పణాలు. ఇంతా చేసి ఆవిడ నోటి నుంచి ఒక్క చెడ్డ మాట రాలేదు. రికార్డు చేసి ఏ జడ్జిగారికి వినిపించినా ఆవిణ్ణి ఉత్తమ అతిథి కింద శాలువా కప్పి పంపిస్తారు.

చట్టం లేక కాదు. పాత శిక్షాస్మృతిలో 504వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 352. కావాలని అవమానించి, ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభంగం చేసేలా ఉసిగొల్పితే రెండేళ్ళ దాకా జైలు. ఈ సెక్షను రాసినవాళ్ళకు తెలుగిళ్ళ సంగతి తెలియదు. ఇక్కడ శాంతి ఎప్పుడు భంగమైంది? ఇల్లాలు నవ్వుతూ వెళ్ళి మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. భంగమయ్యేదంతా రాత్రి తొమ్మిది దాటాక, తలుపు వేసి, మొగుడి దగ్గర అవుతుంది. అప్పటికి ముద్దాయి రాజమండ్రి బస్సులో కిటికీ పక్క సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతూ ఉంటుంది.

ప్రాంతాన్ని బట్టి చేతివాటం మారుతుందని కూడా ఈ పరిశీలనలో తేలింది. ఫోన్ ఎత్తలేదన్న ఒక్క నేరానికి గోదావరి జిల్లాల్లో, “తమరు పెద్దోరైపోయారండీ మరి, మాలాంటోళ్ళు కనబడతారేంటండీ” అని ‘అండీ’ల మధ్య పెట్టి పొడుస్తారు. తెలంగాణలో, “ఏం సారూ, మస్తు బిజీ అయినవ్” అని సారూ దగ్గరే పని ముగించేస్తారు, మిగతాది మర్యాద కోసం. రాయలసీమలో, “ఏంబ్బా, శానా పెద్దోడివైపోతివే” అన్నాక కాసేపు మాట్లాడకుండా ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే అసలు పోటు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గోదావరి గట్టు మీదే తయారయ్యే వెటకారానికి ఎందుకు రాలేదని చెన్నైలో ఉన్న ఆ రిజిస్ట్రీని అడగాల్సిన బాధ్యత రెండు ప్రభుత్వాల మీదా ఉంది. పూతరేకు నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఇది మూడు తరాలు నిలవుంటుంది.

కౌటిల్యుడి పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చింది కింద ఉండే చిన్నక్షరాలు. సాటివాణ్ణి అంటే మామూలు ధర. మనకంటే పెద్దవాణ్ణి అంటే రెట్టింపు. మనకంటే తక్కువవాణ్ణి అంటే సగం. తాగిన మైకంలోనో పొరపాటునో అంటే అదీ సగమే. తక్కువవాళ్ళంటే ఎవరనే సందేహం రాకుండా వర్ణాలవారీగా కూడా లెక్కలు వేసి పెట్టాడు. మనం నాగరికులం కాబట్టి కొన్ని చోట్ల ఆ పేర్లు మార్చి హోదా, జీతం, ఆడపెళ్ళివారు, అద్దెకున్నవాళ్ళు అని రాసుకున్నాం. లెక్క మాత్రం మార్చలేదు. అర్థశాస్త్రంలో ఇంకే నియమాన్నీ పట్టించుకోని జాతి ఈ ఒక్క డిస్కౌంటును రెండు వేల ఏళ్ళుగా పొల్లుపోకుండా వాడుకుంటోంది.

నమ్మకం కుదరకపోతే మీ చుట్టుపక్కల “నేను ముక్కుసూటి మనిషినండీ, ఉన్నదున్నట్టు అనేస్తాను” అని చెప్పుకునేవాళ్ళను ఒక వారం గమనించండి. తోడల్లుడి దగ్గర సూటి. పనిమనిషి దగ్గర మరీ సూటి. కొత్తగా చేరిన క్లర్కు దగ్గర ఆ సూటిదనానికి అడ్డూ ఆపూ ఉండదు. అదే మనిషి పట్టాదారు పాస్‌పుస్తకం పని మీద తహసీల్దారు గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు చూడండి. ఆ ముక్కు నేలను చూస్తూ ఉంటుంది. లోపలికి పిలిచాక, “తమరి దయ సార్” అంటుంది. ఉన్నదున్నట్టు అనే జబ్బు ఆ గది గుమ్మం దగ్గర దానంతటదే నయమైపోయే తీరు మీద ఏ వైద్య కళాశాలా పరిశోధన చేయించకపోవడం విచారకరం.

వీళ్ళ దగ్గర ఇంకో తాయెత్తు ఉంటుంది. అనాల్సినవన్నీ అనేశాక, “మాట కరుకే గానీ నాది వెన్నలాంటి మనసు” అంటారు. దీనికి పెద్ద వంశవృక్షమే ఉంది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోసం నన్నయ భారతం తెనిగిస్తూ ఆదిపర్వంలో ఉదంకుడి కథ చెప్పాడు. పౌష్య మహారాజు పెట్టిన అన్నంలో వెంట్రుక వచ్చింది. ఉదంకుడు మండిపడి నువ్వు గుడ్డివాడివైపో అన్నాడు. ఇంత చిన్న తప్పుకు అంత శాపమా అని, నీకు పిల్లలు లేకుండా పోదురు గాక అని రాజు తిరిగిచ్చాడు. తర్వాత ఇద్దరూ చల్లబడి మాటలు వెనక్కి తీసుకుందామనుకుంటే, నావల్ల కాదు అన్నాడు రాజు. మీ బ్రాహ్మణుల మనసు కొత్త వెన్న, పలుకు వజ్రాయుధం. మా రాజుల దగ్గర ఈ రెండూ తలకిందులు అని కారణం కూడా చెప్పాడు.

బడిలో ఈ పద్యం వల్లెవేయించిన మాస్టార్లు ఎవరూ ఒక సంగతి చెప్పలేదు. ఆ కథలో వెన్న గురించి మాట్లాడింది వెన్న ఉన్నవాడు కాడు, ఎదుటి పక్షంవాడు. శాపం తిన్న మనిషి, తనను శపించినవాడి మనసు మెత్తనిదని ఒప్పుకుంటున్నాడు. తన గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు, నాది గట్టి మనసు, మాట వెనక్కి తీసుకోలేను అని నిజాయితీగా చెప్పేశాడు. వెయ్యేళ్ళు తిరక్కుండానే సర్టిఫికెట్టు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కడే అయ్యాడు. ఇది చెల్లదు. వెన్న విషయంలో సెల్ఫ్ అటెస్టేషన్ రద్దు చేసి, మాట పడ్డవాడి సంతకం తప్పనిసరి చేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు. ఒకరు కోడలైతే మంచిది.

ఆఫీసుల్లో ఈ విద్య పేరు మార్చుకుంది. అక్కడ దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. మూలపురుషుడు శల్యుడు. కర్ణుడి రథం తోలుతూ అతని ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతానని ధర్మరాజుకు ముందే మాటిచ్చాడు. దుర్యోధనుడు వచ్చి సారథ్యం చెయ్యమని అడిగినప్పుడు, నేను ఏమన్నా కర్ణుడు పడాలి అనే షరతు మీద ఉద్యోగంలో చేరాడు. ఈ షరతు ఇప్పటికీ అపాయింట్‌మెంట్ లెటర్లో ఎక్కడో ఉండే ఉంటుంది, మనం చదవకుండా సంతకం పెట్టి ఉంటాం. యుద్ధం మధ్యలో రథం మీద కూర్చోబెట్టి ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెం వేసిన కథ చెప్పాడు శల్యుడు. ఇప్పటి శల్యులకు అంత తీరిక లేదు. “ప్రెజెంటేషన్ చాలా కలర్‌ఫుల్‌గా ఉంది.” “గుడ్, ఈసారి రెండు రోజులే లేటు.” “నీకు కూడా అర్థమయ్యేలా ఇంకోసారి చెప్తాను.” ఆ ‘కూడా’ చూశారా? హంస, కాకి, సముద్రం అన్నీ అందులోనే ఉన్నాయి. కర్ణుడైతే ఊరుకోలేదు, శల్యుడి మద్రదేశాన్ని పట్టుకుని వాడవాడలా కడిగేశాడు. మన కుర్రాళ్ళు, “థాంక్యూ ఫర్ ద ఫీడ్‌బ్యాక్” అని మెయిల్ పెడుతున్నారు. పైవాళ్ళను అంటే రెట్టింపు ధర కదా, ఈఎంఐలున్నవాళ్ళు భరించలేరు.

రెట్టింపు కట్టడానికి సిద్ధపడి పైకి ఎత్తిపొడిచినవాళ్ళు మనలో అసలే లేరని కాదు. కంచర్ల గోపన్న ఉన్నాడు. పాల్వంచ పరగణా తహసీల్దారు, భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అక్కడ కూర్చుని రాముణ్ణి నిలదీసిన తీరు చూస్తే రెవెన్యూ ఉద్యోగి అని ఇట్టే తెలిసిపోతుంది. సీతమ్మకు ఏం చేయించాడో, భరతుడి పచ్చల పతకానికి ఎన్ని వరహాలు పట్టాయో వరసగా పద్దులు చదివి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు అని అడిగేశాడు. ఎత్తిపొడుపులో ఇంతకంటే పై మెట్టు లేదు. ఆడిట్ అభ్యంతరానికి రాగం కట్టినట్టు ఉంటుంది. కానీ అదే కీర్తన చివర, దెబ్బలకు తాళలేక తిట్టాను, ఆయాసపడకు అని క్షమాపణ కూడా జతచేయాల్సి వచ్చింది. కింద ఉన్నవాడు పైకి అంటే ఇంత తతంగం. పెద్దత్తయ్య ఏ చరణంలోనూ క్షమాపణ చెప్పలేదు.

కాసుల పురుషోత్తమ కవి కృష్ణా తీరంలోని శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి శతకం పొడవునా వేసుకున్నాడు. దేవుడు కాబట్టి సరిపోయింది. అదే పని ఆ ఊరి జమీందారు మీద చేసి ఉంటే శతకం పదో పద్యం దగ్గరే ఆగేది.

సామాన్యులకు పైకి ఎత్తిపొడిచే లైసెన్సు తరానికి ఒక్క పూట ఉండేది, పెళ్ళిలో. మగపెళ్ళివారు బంతిలో కూర్చుని తింటూ ఉంటే ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు వియ్యాలవారి పాటలు అందుకునేవాళ్ళు. వియ్యంకుడి పొట్ట, వియ్యపురాలి దర్జా, ఎన్ని బూరెలు ఎవరి విస్తట్లోంచి మాయమయ్యాయి, అన్నీ పాటలోకి వచ్చేవి. కట్నం లెక్కపెట్టి తీసుకున్న మనిషి తల వంచుకుని నవ్వుతూ పప్పన్నం కలుపుకోవాల్సిందే, కోపం తెచ్చుకుంటే పరువు పోతుంది. బఫే వచ్చి ఈ హక్కును కాలరాసింది. చేతిలో ప్లేటుతో ఐస్‌క్రీమ్ కౌంటరుకూ చాట్ కౌంటరుకూ మధ్య తిరిగే వియ్యపురాలి మీద పాట ఎలా కడతాం? కట్టినా డీజే మోతలో ఎవరికి వినిపిస్తుంది? మగపెళ్ళివారి ఎత్తిపొడుపులకు మాత్రం ఏ డీజే అడ్డం రాలేదు. అవి చెవిలో చెబుతారు.

ఇక రాజకీయం. తెలుగు పత్రికల్లో నాయకుడెవడూ ఏదీ మామూలుగా ‘అనడు’. ధ్వజమెత్తుతాడు, దుయ్యబడతాడు, మండిపడతాడు, విరుచుకుపడతాడు, నిప్పులు చెరుగుతాడు, చురకలంటిస్తాడు, ఎద్దేవా చేస్తాడు. తెల్లారి లేచి పేపరు తెరిస్తే రాష్ట్రమంతా మంటల్లో ఉన్నట్టు ఉంటుంది, కింద వార్త చూస్తే మున్సిపల్ మురుగుకాల్వ గురించి. అన్నిట్లోకీ నాకిష్టం తూర్పారబట్టడం. కళ్ళంలో ధాన్యాన్ని గాలికి ఎగరబోసి పొల్లు తీసేసే పని అది. పట్టిన తర్వాత కింద గింజలు మిగలాలి. సభల్లో గంటల తరబడి తూర్పారబట్టాక కింద ఏం మిగులుతోందో మాట్లాడినవాళ్ళు కూడా వంగి చూడటం లేదు.

ఈమధ్య ఆ మాత్రం కూడా లేదు. మైకు పట్టుకుని తల్లి దగ్గర మొదలుపెట్టి తాత దాకా తిట్టడం, అవతలివాడు దానికి ముత్తాత దాకా వెళ్ళడం. దీనికి విద్య అక్కర్లేదు, గొంతు ఉంటే చాలు. కౌటిల్యుడి లెక్కలో ఇవన్నీ మూడు పణాల మాటలు, మహా అయితే ఆరు. పన్నెండు దాకా ఎదిగిన నాయకుడు వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా దొరకడం లేదు. ఎదుటి పార్టీవాణ్ణి సభలో నవ్వుతూ మెచ్చుకుని, ఆయన కూడా బల్ల చరిచి, ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నాక ముద్ద గొంతులో అడ్డంపడేలా అనగలిగినవాళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళని పాతతరం విలేకరులు చెబుతారు. ఆ తరహా శిక్షణ కోసం పార్టీలు తమ యువనేతలను మా పెద్దత్తయ్య దగ్గరికి ఆరు వారాలు పంపవచ్చు. ఉండటానికి ఆవిడ ఇంట్లో గదులున్నాయి. భోజనం పెడుతుంది. తిన్నదానికి లెక్క కూడా గుర్తుంచుకుంటుంది.

ఇంత రాసి ఇందులో ఒక్క మంత్రి పేరు లేదేం, ఒక్క కంపెనీ పేరు లేదేం, ఒక్క పత్రిక పేరు లేదేం అని మీరు అడుగుతారని తెలుసు. పట్టిక మళ్ళీ చూసుకోండి. పెద్దవాళ్ళకు రెట్టింపు, అంటే పోటుకు 24 పణాలు. వ్యాసానికి నాకు ముట్టేదాంట్లో అది కట్టే స్తోమత లేదు. పెద్దత్తయ్య అయితే సగం ధరకు వస్తుందని లెక్కేసుకున్నాను. ఆవిడ పేపరు చదవదన్న ధీమా కూడా ఉంది. ఒకవేళ ఎవరైనా చదివి వినిపించినా ఏమంటుందో నాకు ముందే తెలుసు.

“బాగా రాశావురా అబ్బాయ్. పోనీలే పాపం, వాళ్ళు వేశారు కూడానూ.”